డబ్బా మోగిన దిక్కు

అంబులెన్సు వచ్చింది అని ఎప్పుడు అనాలి? బండి ఊరి బస్సు స్టేజీ దగ్గర ఆగినప్పుడా, ఇంటి ముందు ఆగినప్పుడా, దిగిన మనిషి చెయ్యి రోగి మీద పడ్డప్పుడా? ఈ లెక్కలు కట్టే ఉద్యోగంలోనే నాకు కొన్నేళ్లు గడిచాయి. ఇప్పుడు డెబ్బై దాటాక కూడా, చదువుతున్న పుస్తకం మూసి కళ్లజోడు తీసినప్పుడు, అప్పుడప్పుడు ఆ ప్రశ్న వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఎస్తేరమ్మకు అసలు అదొక ప్రశ్నే కాదు.

రెండువేల ఎనిమిది నాటి మాట. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. ఫోను చేస్తే పల్లెకు అంబులెన్సు రావడం జనానికి ఇంకా కొత్త. ఈ వైపు తిరిగే బళ్ల లెక్క చూసే చిన్న ఆఫీసు వనపర్తి బస్టాండుకు ఎదురుగా, ఒక చెప్పుల దుకాణం మేడ మీద ఉండేది. ఫోను వచ్చిన వేళకూ బండి చేరిన వేళకూ మధ్య ఎంత పట్టిందో ప్రతి బండికీ రాసుకుని, నెలాఖరుకు సగటు కట్టి పైకి పంపడం నా పని. ఏ బండి ముందుంది, ఏది వెనకబడింది అన్నది ఆ సగటే చెప్పేది.

వెనకబడింది ఎప్పుడూ రాజోలి బండే. తుంగభద్ర ఒడ్డు ఊళ్లకంతా అదొక్కటే దిక్కు. మిగతా బళ్లు పట్టికలో పైకీ కిందికీ జరుగుతుండేవి గానీ, అట్టడుగు వరస మాత్రం రాజోలికి రాసిపెట్టినట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక ఆ బండికి ఫోను చేశాను. అందులో రోగిని చూసుకునే ఎస్తేరమ్మ ఎత్తింది.

"అమ్మా, మీ బండి ఏమన్నా రిపేరులో ఉందా?"

"బండి మంచిగనే ఉంది సార్. మా తిరుపతయ్య బండి తోల్తుండో ఇమానం తోల్తుండో నాకే తెల్వదు. రోజుకో మారు నా తల టాపుకు కొట్టుకుంటది."

"మరి చేరడానికి అంత ఆలస్యం ఎందుకు?"

"మేం చేరినంక చేరినం అంటం సార్. అందుకే."

ఆమె నవ్వింది. నాకు అర్థం కాలేదని ఆమెకు అర్థమైంది. తీరిగ్గా చెప్పుకొచ్చింది.

మిగతా బళ్లన్నీ ఊరి స్టేజీ దగ్గరికి రాగానే కంట్రోలు రూముకు ఫోను చేసి "చేరినం" అంటాయి. అందులో మోసమేమీ లేదు. ఫోను చేసినవాళ్లు ఊరి పేరు చెబుతారు. ఊరంటే స్టేజీ. బస్సయినా, జీపయినా, ఓట్లడగడానికి వచ్చినవాళ్లయినా అక్కడికే వస్తారు. ఎవరూ నేర్పకుండానే అందరికీ అబ్బిన అలవాటది. కానీ పొద్దున పొయ్యి ఆర్పాక ఈ ఊళ్లలో మనుషులు ఊళ్లో ఉండరు, చేలల్లో ఉంటారు. మిరప చేనులోనో, పత్తి చేనులోనో మనిషి పడిపోతే, ఆ చేనుకు ఒక పేరుంటుంది గానీ ఆ పేరు ఆ ఊరివాళ్లకే తెలుసు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. బండి బయల్దేరిందని వినగానే ఇంటివాళ్లు రోగిని మంచం మీదో, ఎడ్లబండిలోనో వేసుకుని స్టేజీకి బయల్దేరతారు. పుట్టినకాడి నుంచి వాళ్లే బండి దగ్గరికి పోయారు గానీ, బండి వాళ్ల దగ్గరికి వచ్చిన పాపాన పోలేదు. వీళ్లు ఒక బాటన వస్తుంటే బండి ఇంకో బాటన పోతుంటుంది.

"పోయిన వారం ఒక పెద్దమనిషిని నేనే దాటేసిన సార్. ఆయన నాకోసం స్టేజీకి వస్తుండు, నేను ఆయనకోసం చేనుకు పోతున్న. ఎదురంగ ఎడ్లబండొస్తే పక్కకు జరుగుండ్రి అని మేమే హారన్ కొట్టినం. ఆయన పాపం లోపల పండుకోనే, అంబులెన్సు పోతుంది, జరుగుండ్రి అన్నడంట."

"ఆయనకెలా ఉంది?"

"బతికిండు. తొడ బొక్క ఒక్కకాడ ఇరిగిందని ఫోన్ చేసిండ్రు. ఎడ్లబండి కుదుపుకు రెండుకాడ్ల అయింది."

ఆ తర్వాత నేను తరచు ఫోను చేసేవాణ్ని. లెక్క కోసమనే చేసేవాణ్ని. ఆమె తన సంగతి ఎక్కువగా చెప్పుకునే మనిషి కాదు, మాటల మధ్యలో తెలిసినదే. అమ్మానాన్నలు మేస్త్రీ వెంట దేశమంతా మట్టి పనికి పోయేవాళ్లు. ఈమె రాజోలి పక్కనే ఒక పల్లెలో అవ్వ దగ్గర పెరిగింది. గద్వాలలో హాస్టల్లో ఉండి చదువుకుంది, నర్సు పని నేర్చుకుంది, అక్కడే ఒక ప్రైవేటు దవాఖానలో చాలాకాలం చేసింది. రాజోలికి అంబులెన్సు ఇస్తున్నారని విని, "మా దిక్కు బండా" అనుకుంటూ చూడ్డానికి వచ్చి, అందులోనే ఉద్యోగం అడిగిందట. పొట్టి మనిషి, నడక గబగబా. వాచీ ముంజేతి లోపలి వైపుకు తిప్పి కట్టుకునేది. నాడి పట్టుకున్న చేతిని కదల్చకుండా చూసుకోవడానికి అదే వీలు అనేది. రేగడి తడిసినప్పుడు బండి దిగబడితే చెప్పులు చేత పట్టుకుని, మందుల సంచి నెత్తిన పెట్టుకుని నడిచిపోయేదట. ఇది తిరుపతయ్య చెప్పిన సంగతి. ఆమెనడిగితే, "నెత్తిన మోసుడు కొత్తనా సార్ మాకు" అంది.

ఆ డిసెంబరులో బళ్లవాళ్లందరినీ వనపర్తికి పిలిచారు. మా పై అధికారి శ్రవణ్ కుమార్ కుర్రవాడు, చెడ్డవాడు కాదు. అతనికీ పైనుంచి అడిగేవాళ్లున్నారు. పట్టిక తెరిచి రాజోలి దగ్గర వేలు పెట్టాడు.

"ఎస్తేరమ్మా, రెండు నెలలు చూస్తా. ఈ సగటు దిగకపోతే మీ బండిని తీసుకుపోయి హైవే చౌరస్తాలో పెడతా. అక్కడ తారు రోడ్డు. ఎవరు తోలినా టైంకు చేరుతుంది."

"మరి నది ఒడ్డు ఊళ్లకు సార్?"

"చౌరస్తా నుంచే వస్తుంది."

"చౌరస్తా నుంచి మా ఊళ్లకు బండొచ్చేసరికి వాళ్లు మనల్ని పిలుసుడు బంద్ చేస్తరు సార్. పిలవకపోతే ఆలస్యమే ఉండదు. మీ లెక్క చక్కగైతది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. శ్రవణ్ కుమార్ మాత్రం నవ్వలేదు. రెండు నెలలన్నాడు, అంతే.

కింద మెట్ల దగ్గర తిరుపతయ్య ఆమెను పట్టుకున్నాడు. అతనిది నాగర్‌కర్నూలు. వయసులో పెద్దవాడైనా ఆమెను అక్కా అనేవాడు.

"అక్కా, అందరు అన్నట్టే మనం గూడ స్టేజీ కాడ చేరినం అంటే ఏం పోతది? ఒక్క మాట. బండి నిలబడ్తది."

"నువ్వు కడుపుతో ఉన్నవనుకో తిరుపతయ్యా."

"గదేంది నడిమిట్ల?"

"అనుకో జర. చేన్ల నొప్పులొచ్చినయ్. బండి స్టేజీ కాడికొచ్చింది. నీకు అందినట్టేనా?"

"నాకు నొప్పులొస్తే స్టేజీ దాంక ఉరికొస్త" అన్నాడు తిరుపతయ్య. "నీ మాటలు వినుడు తప్పుతది."

ఆమె ఆ ఒక్క మాటా మార్చలేదు. మాట మార్చకుండానే సగటు దిగాలంటే, నిజంగానే తొందరగా చేరాలి. బండి వేగం ఇంక పెరిగేది కాదు. కాలం పోయేదల్లా స్టేజీకీ మనిషికీ మధ్య వెతుకులాటలోనే. సెలవు రోజుల్లో ఆమె ఊరూరూ తిరగడం మొదలుపెట్టింది. రోగిని కదిలించకండి, ఉన్నచోటే ఉండండి, మేమే వస్తాం అని చెప్పేది. సరే, మరి మేమెక్కడున్నామో మీకెలా తెలుస్తుంది అని వాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒక ఊళ్లో, అరుగు మీద కూర్చున్న పెద్దరైతు ఉపాయం చెప్పాడు.

"మీ వాడకట్టోళ్లను డప్పు కొట్టమను. సప్పుడు ఇని మీరు వస్తరు."

ఎస్తేరమ్మ ఆయన వైపు నిదానంగా చూసి, "ఎవరింట్ల కష్టమొస్తే వాళ్లే కొట్టుకోవాలె పెద్దయ్యా. మావోళ్లను పిలిపించేలోపు బండి నదిల పడ్తది" అంది.

కానీ చప్పుడు అన్న మాట ఆమెకు పట్టుకుంది. జొన్న కంకి పాలు పోసుకునే రోజులవి. చేను చేనుకూ మంచె, మంచె మీద పిట్టలను తోలే మనిషి, ఆ మనిషి చేతిలో ఖాళీ నూనె డబ్బా. కొత్తగా కొనాల్సింది లేదు, నేర్పాల్సింది లేదు. మనిషి పడిపోతే ఫోను చేయండి, చేసి డబ్బా ఆపకుండా కొడుతూ ఉండండి, మేం చప్పుడు పట్టుకుని వస్తాం. ఇది జనానికి ఇట్టే ఎక్కింది. స్టేజీ దగ్గర తిరుపతయ్య సైరను ఆపి, ఇంజను కూడా ఆపి చెవులు రిక్కించేవాడు. జనవరి మొదట్లో రాజోలి సగటు మొదటిసారి కిందికి దిగింది. నేను రెండుసార్లు కట్టి చూసుకున్నాను.

ఫిబ్రవరిలో శ్రవణ్ కుమార్ తనే చూస్తానని బయల్దేరాడు. వేళలు రాయడానికి నన్ను వెంటబెట్టుకున్నాడు. గడువు ఇంకా కొద్ది రోజులే ఉంది. ఆ రోజు చూసింది చూసినట్టే పైకి పోతుందని, బండి ఉండేదీ పోయేదీ దాన్ని బట్టేనని దారిలోనే నాకు చెప్పాడు. మేం రాజోలిలో టీ తాగుతుండగానే ఫోను వచ్చింది. నది ఒడ్డు ఊళ్లో, మిరపకాయ కోస్తున్న కూలి మనిషి సరితకు నెలలు నిండకముందే నొప్పులు, దాంతోపాటు రక్తం. నలుగురం బండెక్కాం. దారి పొడుగునా సైరను. స్టేజీ రాగానే శ్రవణ్ కుమార్ గడియారం చూసుకున్నాడు. అతని ముఖం వికసించింది.

"బాగుంది. ఇంకేంది, చేరినం అని చెప్పు."

"ఇంకా చేరలే సార్" అంది ఎస్తేరమ్మ.

తిరుపతయ్య అంతా ఆపాడు. విన్నాం. తూర్పున ఒక డబ్బా. పడమర ఒక డబ్బా. నది వైపు ఇంకొకటి. ఎటు చెవి పెడితే అటే మోత. జొన్న పండుకు వచ్చి, చిలకలు గుంపులుగా దిగే రోజులు. మంచెల మీద జనమంతా ఆపకుండా డబ్బాలు కొట్టి పిట్టలను తోలుతున్నారు.

తిరుపతయ్య దగ్గర మోగుతున్నదాని వైపు బండి తిప్పాడు. చేను గట్టు వెంబడి ఎగిరెగిరి పడుతూ పోయి ఆగింది. మంచె మీద ఒక ముసలామె, పేరు జోగులమ్మ అని తర్వాత తెలిసింది, డబ్బా పట్టుకుని మా వైపు విడ్డూరంగా చూసింది.

"ఎవరికవ్వా? యాడ ఉంది పిల్ల?" ఎస్తేరమ్మ దిగకముందే అరిచింది.

"ఏ పిల్ల? నేను పిట్టలకు కొడుతున్న బిడ్డా. పిట్టలకు గూడ అంబులెన్సొస్తదా ఇప్పుడు?"

శ్రవణ్ కుమార్ గడియారం కేసి చూసి, నన్ను రాసుకోమన్నట్టు తల ఊపాడు. తిరుపతయ్య స్టీరింగు మీద నుదురు ఆనించాడు. ఎస్తేరమ్మ మాత్రం మంచె కేసి చూస్తోంది. మంచె ఎత్తు. దాని మీద నిలబడితే చేలన్నీ కనబడతాయి.

"అవ్వా, మిరపచేన్ల యాడన్న జనం కూడిండ్రా? చూడు జర."

జోగులమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ తిరిగింది. "అగో, ఆ తుమ్మల ఎనక. ఆడోళ్లు గుమిగూడిండ్రు. ఒకామె పల్లెం కొడుతుంది."

"నువ్వు గట్లనే నిలబడి మాకు చెయ్యి చూపెట్టు. డబ్బా కొట్టకు."

"కొట్టకపోతే నా జొన్నలు?"

"రెండు కంకులు తిననియ్యి అవ్వా."

ముసలామె డబ్బా కింద పెట్టింది. పెట్టడమే కాదు, చేతులు నోటి చుట్టూ పెట్టుకుని పక్క మంచెను పిలిచింది, అది దాని పక్కదాన్ని పిలిచింది. చూస్తుండగా ఒక్కొక్క డబ్బా ఆగిపోయింది. చిలకలు దిగాయి. ఆ నిశ్శబ్దంలో దూరంగా ఒక్క చప్పుడు మిగిలింది, స్టీలు పల్లెం మీద గరిటెతో కొడుతున్న చప్పుడు. ఇన్నేళ్లలో నేను ఎన్నో పుస్తకాలు చదివాను గానీ అంతమంది ఒకేసారి తమ పంటను పిట్టలకు వదిలి ఊరుకున్న సంగతి ఎక్కడా చదవలేదు.

మంచె మీది చెయ్యి చూపిన దారిన పోయాం. తుమ్మచెట్ల నీడలో మిరప సంచుల మీద సరిత పడుకుని ఉంది. అత్త పల్లెం కొడుతూనే ఉంది. మేం వచ్చినా ఆపలేదు, ఎవరో చేతిలోంచి లాక్కోవలసి వచ్చింది. ఎస్తేరమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. వాచీ ఆమె చేతి లోపలి వైపు నుంచి మెరిసింది.

"సరితా, నన్ను చూడు. భయం లేదు, నేనొచ్చిన." తల తిప్పకుండానే అంది, "తిరుపతయ్యా, ఇగ చెప్పు, చేరినం అని."

స్టేజీకీ ఈ తుమ్మచెట్లకూ మధ్య పట్టిన కాలం నేను రాసుకున్నాను. శ్రవణ్ కుమార్ దాన్ని చూశాడు. నేను అనుకున్నట్టు కోప్పడలేదు. స్ట్రెచరుకు ఒక పక్క తనే పట్టుకున్నాడు. గద్వాల దవాఖాన దాకా ముందు సీట్లో నేను రాసిన వేళల కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. వెనక నుంచి ఎస్తేరమ్మ గొంతు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. ఆ పిల్లను నిద్రలోకి జారనివ్వకుండా ఊరి కబుర్లన్నీ అడుగుతోంది. మీ అత్త నిన్ను కొడుతదా పల్లాన్నే కొడుతదా అని అడిగితే సరిత నొప్పిలోనే నవ్వింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

దవాఖాన మెట్ల మీద శ్రవణ్ కుమార్ నన్నడిగాడు. "సార్, మన మిగతా బళ్లు స్టేజీ దగ్గర చేరినం అన్నాక మనిషి దగ్గరికి పోయేసరికి ఎంత పడుతుంది?"

"ఎవరూ రాయలేదండీ."

"రాయిద్దాం" అన్నాడు.

ఆ నెల నుంచి పట్టికలో రెండు వరసలు పెట్టాం. బండివాళ్లు చేరినం అన్న వేళ ఒకటి, మనిషిని ముట్టిన వేళ ఒకటి. మొదటి వరసలో రాజోలి ఎప్పటిలాగే కింద. రెండో వరసలో నడిమధ్యన. పైకి ఎగబాకిందని చెబితే అబద్ధమవుతుంది. రేగడి నేలలు, నది వంపులు ఎక్కడికి పోతాయి? కానీ నడిమధ్యనున్న బండిని ఎత్తెయ్యడానికి ఎవరికీ మాట చాలలేదు. రాజోలి బండి రాజోలిలోనే ఉండిపోయింది. అక్కడి మంచెల వాళ్లు ఒక అలవాటు చేసుకున్నారు. సైరను వినబడితే పిట్టల డబ్బాలు ఆపేస్తారు. మోగేది ఒక్కటే ఉంటుంది. ఎస్తేరమ్మ చెప్పిందని కాదు, జోగులమ్మ చెప్పిందని అనుకునేవాళ్లు. ఎస్తేరమ్మ కూడా ఆ మాటే అనేది.

రెండో వరసలో అట్టడుగున తేలింది నాగర్‌కర్నూలు వైపు బండి. మొదటి వరసలో అది ఎన్నోసార్లు పైన ఉన్నదే. స్టేజీ దాకా తారు రోడ్డు, అక్కడి నుంచి గుట్టలు, విడివిడిగా పడున్న గుడిసెలు. ఆ బండి మీదికి ఎస్తేరమ్మను మారుస్తూ శ్రవణ్ కుమార్ ఉత్తర్వు తయారు చేశాడు. ఆమె ఒప్పుకుంటేనే ఇస్తానన్నాడు. ఆమె మొదట ఒకటే అడిగింది, రాజోలి బండి కదలదు కదా అని. కదలదన్నాక సరేనంది. కన్నవాళ్లు ఎన్ని ఊళ్లు తిరిగినా తను దూరంగా పోని నేల అది. సరే అనడం ఆమెకు తేలికైందని నేననుకోను. రాజోలిలో శాలువా కప్పుతామని కబురు చేసినవాళ్లకు ఏదో సాకు చెప్పి, ఉత్తర్వు తీసుకోవడానికి ఒక చేతిసంచితో మా మేడ ఎక్కింది.

నా ఎదుట కుర్చీలో కూర్చుంది. నా బల్ల మీది పుస్తకాన్ని తిప్పి అట్ట చూసింది.

"నాగర్‌కర్నూలు దిక్కు చేన్ల ఏమేస్తరు సార్?"

"గుట్టల దగ్గర పత్తి, ఆముదం అనుకుంటా."

"అవి పిట్టలు తినయి గదా. ఆడ మంచెలుండవు." తనలో తను అనుకున్నట్టు అంది. "గుట్టలెక్కే మేకలోళ్లు ఎక్కువ ఉంటరా?"

ఆ వైపు ఊళ్ల పటం ఒకటి అలమరలో ఉండాలి, అది చూస్తే గుట్టలు, బాటలు ఆమెకు పనికొస్తాయని లేచాను. కట్టల మధ్యన వెతికి, దుమ్ము దులిపి, పటం విప్పుకుంటూ వెనక్కి తిరిగేసరికి కుర్చీలో ఆమె లేదు. ఉత్తర్వు కాగితం లేదు, సంచీ లేదు.

కిటికీ దగ్గరికి వెళ్లాను. ఎదురుగా బస్టాండులో నాగర్‌కర్నూలు బస్సు కదలడానికి గుర్రుమంటోంది. ఎస్తేరమ్మ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, కండక్టరును ఏదో అడుగుతోంది. అతను టికెట్లు చింపడం ఆపి, చెయ్యి చాచి, ఒక గుట్టను చుట్టినట్టు గాల్లో దారి గీసి చూపిస్తున్నాడు. ఆమె తల ఊపి ఇంకేదో అడిగింది. బస్సు కదిలింది.